తాళం తీయడం వచ్చు, కానీ...

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా చిన్నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒరే, నువ్వేదో పుల్లల్తో తాళాలు తీసేస్తావట కదేటి? మీ నాన్న చెప్పినాడు. నడిమి గది తాళం తీసీగలవా?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఓపికుంటే చదవండి, కాస్త పెద్ద టపాయే ఇది :)

మాది రాజాం దగ్గర ఒక పల్లె. నేను పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో. 2022 ఏప్రిల్లో జిల్లాలు మార్చినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్ళింది. మా ఇల్లు అంగుళం కదల్లేదు, చిరునామా మాత్రం మారిపోయింది. ఇప్పటికీ ఎవరైనా "మీదే జిల్లా" అంటే ముందు శ్రీకాకుళం అనేసి, తర్వాత నాలుక కరుచుకుంటాను.

మా ఊళ్ళో తాళంకప్పలు ఎక్కువ. వీధికి మూడో నాలుగో ఇళ్ళు తాళం వేసే ఉంటాయి. విశాఖపట్నం వెళ్ళినవాళ్ళు, హైదరాబాదు వెళ్ళినవాళ్ళు, చెన్నైలో కట్టుబడి పనికి వెళ్ళినవాళ్ళు, అండమాన్ దాకా పోయినవాళ్ళు. వానాకాలంలో చెరువు కప్పలు ఊరంతా వినబడేలా అరుస్తాయి. ఈ కప్పలు మాత్రం ఏడాది పొడుగునా నోరు మూసుకుని గొళ్ళేలకి వేలాడుతుంటాయి. అసలు మన భాషలో తాళానికి కప్ప అనీ, దాన్ని తెరిచేదానికి చెవి అనీ ఎవరు పేరు పెట్టారో గానీ, తాళం తీయడమంటే వినడమే అని నాకు తర్వాత తెలిసింది. అది ఎలాగో చెప్తాను.

నాకీ పిచ్చి అమెరికాలో పట్టింది. ఎనిమిది నెలలు ఆన్‌సైట్ పంపారు. జనవరి నెల, ఒక రాత్రి చెత్త పడేయడానికి కిందకి వెళ్ళాను. కాళ్ళకి హవాయి చెప్పులు, వెనకాల తలుపు దానంతటదే పడిపోయింది. తాళంచెవి లోపల, నేను బయట, చుట్టూ మంచు. పక్కింటివాళ్ళ ఫోన్ అడుక్కుని తాళాలాయన్ని పిలిస్తే వచ్చి, రెండు పుల్లలు దూర్చి, నేను చేతులు రుద్దుకునేలోపు తలుపు తీసి, నూటయిరవై డాలర్లు పట్టుకెళ్ళాడు. నా బాధ డబ్బు గురించి కాదు (అబద్ధం, డబ్బు గురించే). కానీ దానికన్నా ఎక్కువగా నన్ను తొలిచింది ఇంకోటి. నేను ఆర్నెల్లుగా గుండె మీద చెయ్యేసుకుని పడుకున్నది ఈ తాళాన్ని నమ్మేనా?

ఆ రాత్రంతా యూట్యూబు చూశాను. లాక్‌పికింగ్‌లాయర్ వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు. మర్నాడు ఒక పారదర్శకమైన ప్రాక్టీసు తాళం ఆర్డర్ పెట్టాను. అలా మొదలైంది.

మామూలు పిన్ తాళం ఎలా పనిచేస్తుందో రెండు ముక్కల్లో చెప్తాను. తాళంచెవి దూరే ఇత్తడి దిమ్మ ఒకటి లోపల ఉంటుంది, దాన్ని ప్లగ్ అంటారు. దాన్ని చుట్టూ ఉన్న గూడు పట్టుకుని ఉంటుంది. రెండింటినీ కలుపుతూ నిలువుగా ఐదో ఆరో రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో ఒకదాని మీద ఒకటి రెండు చిన్న పిన్నులు, పైన స్ప్రింగు. పై పిన్ను గూట్లోంచి ప్లగ్‌లోకి దిగి అడ్డం పడుకుంటుంది కాబట్టి ప్లగ్ తిరగదు. సరైన తాళంచెవి పెట్టగానే దాని పళ్ళు అన్ని పిన్నులనీ సరిగ్గా ఒకే గీత దగ్గరకి లేపుతాయి. అప్పుడు తిరుగుతుంది. ఈ పద్ధతిని ఇప్పటి రూపానికి తెచ్చినవాడు లైనస్ యేల్ జూనియర్, 1861లో పేటెంట్ తీసుకున్నాడు. చెక్కతో చేసిన దీని ముత్తాత ఈజిప్టులో వేల ఏళ్ళ క్రితమే ఉంది.

అన్ని పిన్నులూ ఒకేసారి గీత దగ్గరకి రావాలి కదా, మరి పుల్లతో ఒక్కొక్కటిగా ఎలా తీస్తారు? ఇక్కడే అసలు మజా. ఆ రంధ్రాలు సరిగ్గా ఒకే వరసలో ఉండాలి. కానీ ఏ మిషనూ అంత కచ్చితంగా తొలవలేదు. వెంట్రుక వాసంత తేడా ఉంటుంది. ప్లగ్‌ని కొంచెం తిప్పి పట్టుకుంటే, ఆ తేడా వల్ల ఏదో ఒక్క పిన్ను మీదే ముందు బరువు పడుతుంది. దాన్ని లేపితే "టిక్" మని చిన్న కదలిక, ప్లగ్ వెంట్రుకంత తిరుగుతుంది. తర్వాత ఇంకో పిన్ను బిగుసుకుంటుంది. అలా ఒక్కొక్కటే.

ఇది చదవగానే మీలో సెక్యూరిటీ పని చేసేవాళ్ళకి వెలిగే ఉంటుంది. పాస్‌వర్డును ఒక్కో అక్షరంగా పోల్చి, తప్పు అక్షరం దగ్గర ఆగిపోయే కోడు ఉందనుకోండి. ఎంతసేపటికి "తప్పు" అన్నదో కొలిచి అక్షరం తర్వాత అక్షరం లాగేయవచ్చు. తాళం కూడా అంతే. పది స్థాయిలున్న ఆరు పిన్నులంటే కాగితం మీద పది లక్షల కాంబినేషన్లు. కానీ ఒక్కో పిన్నూ విడివిడిగా "నేను అయిపోయాను" అని చెప్పేస్తుంటే పది లక్షలు కాస్తా అరవై అయిపోతుంది. తాళం ఓడిపోయేది బలం లేక కాదు, నోరు జారడం వల్ల. మన పని వినడమే. చెవి అన్న పేరు ఊరికే పెట్టలేదు :)

ఈ విషయాలు బయటికి చెప్పొచ్చా, చెప్తే దొంగలకి నేర్పినట్టు కాదా అన్న గొడవ కొత్తది కాదు. లండన్లో బ్రామా అనే ఆయన తాళాన్ని ఇతరులెవరైనా తీస్తే 200 గినీలు ఇస్తామని దుకాణం కిటికీలో బోర్డు పెట్టారు. అరవై ఏళ్ళ పైన ఎవరివల్లా కాలేదు. 1851లో గ్రేట్ ఎగ్జిబిషన్‌కి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ పదహారు రోజుల మీద యాభై గంటలకు పైగా కూర్చుని దాన్ని తీసేశాడు. బ్రిటన్ అంతా గగ్గోలు. అప్పుడు హాబ్స్ వాదన ఏమిటంటే, దొంగలకి ఈ విద్య మనకంటే ముందే తెలుసు, తెలియనిది తాళం కొనుక్కునేవాడికే అని. మన ఓపెన్ సోర్సువాళ్ళు ఇప్పుడు చెప్పేదీ అదే. 2003లో మాట్ బ్లేజ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, మాస్టర్ కీ ఉన్న భవనంలో మామూలు గది తాళంచెవి ఒకటీ, కాసిని ఖాళీ చెవులూ ఉంటే మాస్టర్ కీ ఎలా తయారుచేయవచ్చో పేపర్ రాసినప్పుడు కూడా ఇదే గోల జరిగింది. తాళాలవాళ్ళు "ఇది మాకు ఎప్పట్నుంచో తెలుసు, బయట పెట్టడమే తప్పు" అన్నారు. మన మేనేజర్లకీ ఈ మాట బాగా అలవాటు కదా.

సరే, అసలు కథకి వస్తాను. తిరిగొచ్చే ముందు ఒక గరాజ్ సేల్‌లో రెండు డాలర్లకి ఒక పాత తాళంకప్ప దొరికింది. తాళంచెవి లేదు. అందుకే రెండు డాలర్లు. దాని పొట్టలో ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న ఇత్తడి కోర్ ఉంది. అది చూసి నా ఆనందం అంతా ఇంతా కాదు.

దీని వెనక ఆలోచన చాలా తెలివైనది. 1920లలో ఫ్రాంక్ బెస్ట్ అనే అమెరికన్ దీన్ని వ్యాపారంగా నిలబెట్టాడు. వందల గదులున్న పెద్ద భవనం ఉందనుకోండి. ఎవరో ఉద్యోగం మానేసి తాళంచెవి పట్టుకుపోయారు. తాళం మొత్తం ఊడదీసి కొత్తది బిగించాలా? అక్కర్లేదు. కంట్రోల్ కీ అనే ప్రత్యేకమైన చెవి పెట్టి పదిహేను డిగ్రీలు తిప్పితే కోర్ మొత్తం చేతిలోకి ఊడి వస్తుంది. కొత్త కోర్ దూర్చేస్తే పది సెకన్లలో పని అయిపోతుంది. తలుపు అదే, కప్ప అదే, లోపలి గుండె మాత్రం వేరు. (మా రాజాంకి 2022లో జరిగింది కూడా ఇదే అని మా నాన్న అంటాడు.)

ఈ కోర్‌తో చిక్కేమిటంటే లోపల ఒక గీత కాదు, రెండు గీతలు. ప్లగ్ చుట్టూ ఇంకో తొడుగు ఉంటుంది. మామూలు చెవి పిన్నుల్ని ప్లగ్‌కీ తొడుగుకీ మధ్య గీత దగ్గరకి తెస్తుంది, అప్పుడు తాళం తెరుచుకుంటుంది. కంట్రోల్ కీ వాటిని తొడుగుకీ బయటి గూడుకీ మధ్య గీత దగ్గరకి తెస్తుంది, అప్పుడు కోర్ ఊడుతుంది. మన భాషలో ఒకటి యూజర్, ఇంకోటి రూట్. పుల్లతో తీసేవాడికి ఇది నరకం. ఏడు పిన్నుల్లో నాలుగు ఒక గీత దగ్గర, మూడు ఇంకో గీత దగ్గర ఆగుతాయి. అన్నీ "టిక్" మంటాయి, తాళం మాత్రం తెరుచుకోదు. ఇది తాళం తప్పు కాదు. మనం తిప్పుతున్నది దేన్నో మనకే తెలియకపోవడం.

దీనికి విరుగుడు ఏమిటంటే, బరువు ప్లగ్ మీద కాకుండా తొడుగు మీద మాత్రమే పడేలా తిప్పే పుల్ల కావాలి. తొడుగు అడుగున పిన్నుల వరసలోనే చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలో పట్టేలా పళ్ళున్న పుల్ల అన్నమాట. కొనుక్కోవచ్చు గానీ, రెండు డాలర్ల తాళానికి ముప్ఫై డాలర్ల పుల్లా? మన రక్తంలో లేదు.

హైదరాబాదు వచ్చాక గదిలోనే కార్ఖానా పెట్టాను. పిక్కులకి హాక్సా బ్లేడు ముక్కలు, టెన్షన్ పుల్లలకి కారు వైపర్ లోపలి స్టీలు పట్టీ, కొలతకి వెర్నియర్ కాలిపర్, రాపిడికి సన్న ఆకురాళ్ళు. పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 3.8 మిల్లీమీటర్లు. మొదటి పుల్ల పళ్ళు లావైపోయి దూరలేదు. రెండోది దూరింది గానీ పన్ను విరిగి లోపలే ఉండిపోయింది, దాన్ని బయటికి తీయడానికి ఒక ఆదివారం పట్టింది. మూడోది తొందరపడి గ్రైండింగ్ మిషన్ మీద పెట్టాను, స్టీలు నీలం రంగుకి తిరిగింది. అలా తిరిగిందంటే పదును చచ్చిందన్నమాట, మైనంలా వంగిపోతుంది. అప్పట్నుంచి రెండు రుద్దులకోసారి నీళ్ళలో ముంచడం నేర్చుకున్నాను. ఐదో పుల్ల పనిచేసింది. మొత్తం ఆరు వారాలు. ఒక శనివారం అర్ధరాత్రి కోర్ ఊడి చేతిలోకి వచ్చినప్పుడు నేను అరిచిన అరుపుకి పక్క గదివాడు పరిగెత్తుకొచ్చాడు. వాడికి చూపించాను. "దీనివల్ల ఏంటి ఉపయోగం?" అన్నాడు. ఏం చెప్తాం.

ఆ ఘనకార్యమే మా నాన్నకి ఫోన్లో చెప్పాను. నాన్న చిన్నాన్నకి చెప్పాడు. చిన్నాన్న నన్ను పెరట్లోకి పిలిచాడు.

ఇప్పుడు నడిమి గది సంగతి. తాతయ్య పోయి పదకొండేళ్ళయింది. కర్మకాండలు అయిన మర్నాడే ముగ్గురు అన్నదమ్ములకీ పంపకాల దగ్గర మాటామాటా పెరిగింది. మా పెదనాన్న "తేలేదాకా ఎవుడూ ముట్టకూడదు" అని నడిమి గదికి తాతయ్య పాత తాళంకప్పే వేసి, చెవి జేబులో వేసుకుని గాజువాక వెళ్ళిపోయాడు. మళ్ళీ ఊరు రాలేదు. ఆ గదిలో భోషాణం ఉంది, మా నాన్నమ్మ కాపురానికి తెచ్చుకున్న బుడితి ఇత్తడి సామానుంది, పాత కాగితాలున్నాయి. ఇప్పుడు పక్క పొలంవాళ్ళతో గట్టు తగాదా వచ్చి, తాతయ్య కాలంలో ఇద్దరూ సంతకాలు పెట్టుకున్న ఒప్పందం కాగితం చిన్నాన్నకి కావలసి వచ్చింది. అది రిజిస్టరైన కాగితం కాదు, నకలు ఎక్కడా దొరకదు.

"గొళ్ళెం పీకీడం నాకు సేతకాకా? పీకితే మీ పెదనాన్న పోలీసు కేసెడతాడు. నువ్వయితే పుల్లతో తీసీగలవు. కాయితం తీసుకుని మళ్ళీ ఏసీద్దాం. ఎవుడికీ తెలీదు."

ఎవుడికీ తెలీదు. ఆ మాటే నన్ను పట్టుకుంది.

ఈ సరదా ఉన్నవాళ్ళందరికీ రెండే రెండు నియమాలు. ఒకటి, నీది కాని తాళాన్ని సొంతదారు అనుమతి లేకుండా ముట్టుకోకు. రెండు, నీదే అయినా వాడకంలో ఉన్న తాళాన్ని ముట్టుకోకు. అమెరికాలో ఇవి చదివినప్పుడు సులువుగా అనిపించాయి. అక్కడ తాళం ఎవరిదో తెలుస్తుంది. మా నడిమి గది తాళం ఎవరిది? కప్ప తాతయ్యది, వేసింది పెదనాన్న, గది ముగ్గురిదీ, లోపల సామాను నాన్నమ్మది. ఏ కోర్సులోనూ దీనికి జవాబు లేదు.

"పెదనాన్నకి ఒక మాట చెప్పి తీద్దాం చిన్నాన్నా" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. "ఇంత సదివి ఇదేటి నీ సాయం? తాళం తీడం సరదాకి నేర్సుకున్నావా?" అనేసి వెళ్ళిపోయాడు. భోగి రోజు నాతో మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ సిగ్గేసింది. ఆ మాటలో న్యాయం లేకపోలేదు.

పండగ మర్నాడు నేనే పెదనాన్నకి ఫోన్ చేశాను. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. కాసేపు ఉద్యోగం సంగతులు, ఆరోగ్యం సంగతులు అయ్యాక విషయం చెప్పాను. అవతల చాలాసేపు నిశ్శబ్దం. తిడతాడని సిద్ధంగా ఉన్నాను.

"తాళంసెవి నా దగ్గిర లేదురా" అన్నాడు.

"అంటే?"

"ఇల్లు మారినప్పుడు పోయింది. ఏడేళ్ళయింది. తాళం ఏసినోడే సెవి పారీసుకున్నాడంటే నవ్వరేటి? అందుకే చెప్పనేదు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడేళ్ళుగా ఊళ్ళో అందరూ ఆయన పంతానికి పోయి తాళం తీయడం లేదనుకుంటున్నారు. ఆయనేమో తాళంచెవి పోయిందని చెప్పలేక ఊరే రావడం మానేశాడు.

మా వైపువాళ్ళకి పూరీ పొరుగూరు లెక్క కదా, నాకు వెంటనే జగన్నాథుడి రత్నభాండాగారం గుర్తొచ్చింది. 2018లో లోపలి గది తనిఖీ చేయబోతే తాళంచెవి కనబడలేదని బయటపడింది. ఒడిశా అంతా గొడవ, విచారణ సంఘం. తర్వాత కలెక్టరేట్ రికార్డుల గదిలో నకలు చెవులు దొరికాయన్నారు. చివరికి 2024 జూలై 14న తెరవబోతే ఆ చెవులతో తాళాలు తెరుచుకోలేదు. అధికారుల ఎదురుగా తాళాలు పగలగొట్టి లోపలికి వెళ్ళారు. అప్పటికి ఆస్తిపాస్తుల లెక్క చివరిసారి పూర్తిగా జరిగింది 1978లో. అంత పెద్ద దేవుడి ఇంట్లోనే అలా జరిగితే మా పెదనాన్నెంత? తాళంకప్ప ఎంత గట్టిదో చూస్తాం గానీ, చెవి ఎవరి దగ్గరుందో, అసలు ఉందో లేదో అడగం.

"నేనొస్తే బావుండదు గానీ, ఆ వీడియో కాల్ పెట్టి తియ్యండి. అమ్మని కూడా కూకోబెట్టండి" అన్నాడు పెదనాన్న.

అలా కనుమ రోజు పొద్దున్న నా పుల్లల సంచీ తీసుకుని నడిమి గది ముందు కూర్చున్నాను. నాన్న, చిన్నాన్న, పిన్ని, పిల్లలు, నవ్వారు మంచం మీద నాన్నమ్మ, స్టూలు మీద ఫోన్లో పెదనాన్న. జీవితంలో ఇంతకన్నా పెద్ద డెమో ఇవ్వలేదు.

ఇప్పుడు అసలు అవమానం వినండి. ఆ తాళం నావల్ల కాలేదు.

నేను ఏడు పిన్నుల అమెరికా కోర్ ఊడదీసినవాడిని. ఇది అలీగఢ్ రకం పాత లీవర్ తాళం. దీంట్లో పిన్నులే ఉండవు. రేకుల్లాంటి లీవర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి, ఒక్కోదాన్నీ ఒక్కో ఎత్తుకి లేపాలి. లోపల గడియని ఒక ఊచతో నెట్టి పట్టుకుని, అదే కన్నంలోంచి ఇంకో ఊచతో లీవర్లని లేపాలి. నా పళ్ళ పుల్లలు దీనికి పిల్లలాట. గొడుగు ఊచ వంచి ఒకటి చేశాను, వంగిపోయింది. సైకిలు పుల్లతో ఇంకోటి చేశాను. పదకొండేళ్ళ తుప్పు, దుమ్ము. కొబ్బరినూనె పోశాను. రెండు గంటలు. మా చిన్నాన్న కూతురు "అన్నా, యూట్యూబ్‌లో మళ్ళీ చూసి రా" అంది. అందరూ నవ్వారు. ఫోన్లో పెదనాన్న కూడా నవ్వాడు. మా ఇంట్లో అందరూ కలిసి నవ్వి ఎన్నాళ్ళయిందో.

చివరికి నాన్న బండి మీద వెళ్ళి రాజాంలో రోడ్డు పక్కన తాళంచెవులు చేసే పెద్దాయన్ని తీసుకొచ్చాడు. ఆయన వచ్చి, సంచీ దించి, తాళం వైపు కూడా చూడకుండా మొట్టమొదట అడిగింది ఇదీ.

"ఇల్లుగలోలు ఎవులు బాబూ?"

ఎవరూ మాట్లాడలేదు. నాన్న చిన్నాన్న వైపు చూశాడు. చిన్నాన్న ఫోన్ వైపు చూశాడు. ఫోన్లో పెదనాన్న తల దించుకున్నాడు. పదకొండేళ్ళ తగాదా అంతా ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది మరి.

అప్పుడు నాన్నమ్మ మంచం మీంచి మెల్లగా లేచింది. "ఇల్లు నాది. తియ్యి నాయనా" అంది.

నేను పుస్తకాల్లో చదివిన నియమం ఆయనకి ఎవరూ రాసివ్వలేదు. నలభై ఏళ్ళుగా రోడ్డు పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఇల్లు ఎవరిదో నోటితో చెప్పకపోతే సంచీ విప్పడట.

ఆయన ఒక ఖాళీ చెవి తీసి, దీపం మసి పట్టించి, తాళంలో పెట్టి కొంచెం తిప్పి బయటికి తీశాడు. మసి చెరిగిన చోట ఆకురాయితో రెండు రుద్దులు. మళ్ళీ మసి, మళ్ళీ తాళం, మళ్ళీ రుద్దులు. లీవర్లు ఎక్కడ తగులుతున్నాయో మసే చెప్తుంది. పుల్లలేవీ లేవు, తాళం చేతే తన చెవిని తానే గీయించుకున్నాడు. యాభై నిమిషాల్లో కప్ప నోరు తెరిచింది. మూడొందల యాభై రూపాయలు. (అమెరికాలో ఆయనకి నేను బాకీ ఉన్నానేమో అనిపించింది.)

గది తెరిచాం. ఇత్తడి సామాను నల్లబడింది గానీ చెక్కుచెదరలేదు. భోషాణం పక్కన గోడలోంచి చెదలు. కాగితాల కట్ట మీద చెయ్యి వేస్తే పిండిలా రాలిపోయింది. ఒప్పందం కాగితం లేదు. అసలు ఏ కాగితమూ లేదు. చిన్నాన్న గుమ్మం మీదే కూలబడిపోయాడు. గట్టు తగాదా ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పెరట్లో చిన్నాన్న అడిగినట్టే నేను చేసి ఉంటే? ఎవరికీ తెలియకుండా అర్ధరాత్రి తీసి, చెదలు చూసి, మళ్ళీ వేసేసి ఉంటే? ఎప్పుడో ఒకరోజు పెదనాన్న ఆ గది తెరిపించేవాడు, కాగితాలు లేకపోవడం చూసేవాడు. ఊళ్ళో ఎవరో ఒకరు చెప్పేవారు, "మీ తమ్ముడి కొడుక్కి తాళాలు తీడం వచ్చు కదా" అని. అప్పుడు చెదలు తిన్నాయంటే ఎవరు నమ్ముతారు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ కాని ఇంటివాణ్ణి కూడా ఈశ్వరుడు కాపాడలేడు. గొళ్ళెం పగలగొడితే పగలగొట్టినట్టు తెలుస్తుంది, గొడవ పడి తేల్చుకోవచ్చు. గుర్తు మిగలకుండా తెరిస్తే అనుమానం మిగులుతుంది, దాన్ని తేల్చేవాడుండడు. ప్రొడక్షన్ సర్వర్లో లాగ్ ఆపేసి చిన్న మార్పు చేసి చూడండి, తర్వాత వారం రోజులు ఏ తప్పు జరిగినా మీదే. అందరి ముందూ తెరవడం పెదనాన్నకిచ్చిన మర్యాద అనుకున్నాను ఇన్నాళ్ళూ. నిజానికి దానివల్ల బతికిపోయింది చిన్నాన్న.

ఇన్నాళ్ళూ నేను తాళాన్ని ఇనుము, ఇత్తడి, టాలరెన్సు లెక్కల్లో చూశాను. అవన్నీ ఆ తాళం ఎంతసేపు ఆపుతుందో చెప్తాయి. ఎవరిని ఆపాలో, ఎవరిని అడగాలో మాత్రం దాంట్లో ఉండదు. ఆ కోర్‌లో ఉన్న రెండు గీతల్లాగే, తీయగలగడం ఒక గీత, తీయదగడం ఇంకో గీత. "టిక్" మనే చప్పుడు రెండిటి దగ్గరా ఒకేలా వినిపిస్తుంది.

తెల్లారి ప్రయాణం. బయల్దేరేముందు చూస్తే నడిమి గదికి మళ్ళీ తాళంకప్ప వేలాడుతోంది. ఎవరు వేశారని అడిగాను. నాన్నమ్మ బొడ్లో దోపుకున్న కొత్త తాళంచెవి తీసి చూపించి మళ్ళీ దోపేసుకుంది.

"ఎవుడికేటి కావాలన్నా నన్నడిగి తీసుకోండి" అంది.

రెండు డాలర్ల కప్ప ఇప్పుడు ఆఫీసులో నా టేబుల్ మీదుంది, కోర్ లేకుండా. పెదనాన్న ఉగాదికి ఊరొస్తానన్నాడు. చూద్దాం. నేను మాత్రం ఒక పాత అలీగఢ్ లీవర్ తాళం కొన్నాను, మూడు వారాలుగా కుస్తీ పడుతున్నాను. ఇంకా తెరుచుకోలేదు :)

మీ ఇంట్లోనూ ఇలాంటి గది ఒకటి ఉండే ఉంటుంది. పగలగొట్టే ముందు, పుల్ల పెట్టే ముందు, ఒకసారి ఫోన్ చేసి చూడండి. చెవి పోయిందని చెప్పలేక అవతల ఎవరో ఏళ్ళ తరబడి కూర్చుని ఉండొచ్చు.